ఒరవడి కాగితం మీది పిట్ట

పాలమూరు, నల్లగొండ ప్రాంతాలవారికి ‘ఎం.బి. చర్చి’ అన్న మాట కొత్తది కాదు. జడ్చర్లలో, నాగర్‌కర్నూలులో, దేవరకొండలో, గద్వాలలో, వనపర్తిలో ఆ పేరుగల ప్రార్థనామందిరాలున్నాయి. ఆ రెండు పొడి అక్షరాలలో మొదటిది ‘మెన్నోనైట్’ అన్న మాటకు గుర్తు అని తెలిసినవారు కొందరే. ఆ మెన్నో ఎవరో, ఆయన పేరు చెప్పుకొనే జనం ఎక్కడినుంచి ఎక్కడికి తిరిగారో తెలిసినవారు ఇంకా తక్కువ. ఆ చరిత్ర అంతా చెప్పడం నా ఉద్దేశం కాదు. అందులో ఒక చిన్న పాయ ఉంది. బొమ్మలను నమ్మని జనం గీసుకున్న బొమ్మల కథ అది. చాలాకాలంగా నా మనసులో మెదులుతున్న ఆ కథను గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ ప్రయత్నం.

మెన్నోనైట్ల జానపదకళ అనగానే ఇవాళ చాలామందికి కళ్ళముందు కదిలేది ఒక దృశ్యం. గుర్రపుబండి, ఎర్ర రంగు ధాన్యపుకొట్టం, తలకు తెల్లటి టోపీలు కట్టుకున్న స్త్రీలు, మొక్కజొన్న చేను. అమెరికాలో లాంకస్టర్ ప్రాంతానికి వెళ్ళిన యాత్రికులు కొని తెచ్చుకొనే బొమ్మలన్నిటిలోనూ ఇదే దృశ్యం. మెన్నోనైట్ల దాయాదులైన ఆమిష్ ప్రజల జీవితం మీద 1955లో న్యూయార్కులో ఒక సంగీతనాటకం ఆడింది. ఆ ప్రాంతానికి యాత్రికుల తాకిడి పెరగడానికి దోహదం చేసినవాటిలో అది ఒకటి. అయితే ఈ బొమ్మలలో ఎక్కువభాగం బయటివారు చూసి గీసినవి. లోపలివారు, అందులోనూ పద్దెనిమిదవ శతాబ్దంలోని లోపలివారు, గీసుకున్న బొమ్మలలో బండి లేదు, కొట్టం లేదు, టోపీ పెట్టుకున్న స్త్రీ లేదు. ఒక పిట్ట ఉంది, ఒక తులిప్ పువ్వు ఉంది, ఒక హృదయాకారం ఉంది. వాటి నడుమ ఒక పిల్లవాడి పేరు, లేదా పిల్ల పేరు ఉంది. ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందన్నదే నేను చెప్పదలచుకున్న కథ.

*

1525లో జ్యూరిక్ నగరంలో కొందరు యువకులు పెద్దవయసువారికి మళ్ళీ బాప్తిస్మమివ్వడం మొదలుపెట్టారు. పసికందు తలమీద నీళ్ళు చల్లినంతమాత్రాన క్రైస్తవుడు కాడు, బుద్ధి తెలిసినవాడై తనంత తానుగా ఒప్పుకొన్నప్పుడే అవుతాడు అన్నది వారి వాదం. వినడానికి చిన్నమాటే. కాని ఊళ్ళో పుట్టిన ప్రతి శిశువునూ చర్చి దస్తరంలోకి, దాని వెనుకనే రాజు దస్తరంలోకి ఎక్కించే సమాజంలో అది రాజద్రోహంగా కనిపించింది. 1527లో ఫెలిక్స్ మాంజ్ అనే యువకుణ్ణి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. పదేళ్ళు తిరగకుండానే, 1536లో, ఫ్రీస్‌లాండ్‌లో మెన్నో సిమన్స్ అనే కతోలిక గురువు తన పదవిని వదలుకొని ఈ తరుమబడుతున్న జనంలో చేరాడు. చెల్లాచెదరైనవారిని కూడదీసి నడిపినవాడు కనుక ఆయన పేరే వారికి నిలిచింది. కత్తి పట్టరాదు, ఒట్టు పెట్టరాదు, ఆడంబరం కూడదు అన్నవి వారి నియమాలు.

విగ్రహాల విషయంలో వారిది గట్టి పట్టు. జ్యూరిక్ చర్చిలలోని ప్రతిమలను, పటాలను నగరపాలకులే 1524లో తీసివేయించారు. ఆ గాలి పీల్చి పెరిగినవారు తమ ప్రార్థనామందిరాలలో సిలువను కూడా పెట్టుకోలేదు. ఉత్త గోడలు, ఉత్త బల్లలు. వినయం పెద్ద గుణమనీ, గర్వం పెద్ద పాపమనీ నమ్మిన ఇళ్ళలో గోడకు పటం తగిలించడం కూడా గర్వం వైపు వేసిన ఒక అడుగే.

ఈ జనం 1683నుంచి పెన్సిల్వేనియాకు రాసాగారు. మొదట ఫిలడెల్ఫియా పక్కనున్న జర్మన్‌టౌన్‌లో, 1702నుంచి స్కిప్పాక్ లోయలో, 1710లో లాంకస్టర్‌లో స్థిరపడ్డారు. తరతరాలుగా తరిమివేతకు అలవాటుపడినవారికి అడవి కొట్టుకొని దున్నుకొనే స్వేచ్ఛ దొరికింది. వారి పక్కపొలాలలోనే లూథరన్లు, రిఫార్మ్డ్ సంఘంవారు కూడా దిగారు. అందరి భాషా జర్మనే, అందరి చేతుల్లోనూ ఉన్నది ఒకటే అలంకారలిపి. విరిచినట్టుగా కోణాలు దేరి ఉండే ఆ లిపి పేరు ఫ్రాక్టూర్. ఆ లిపితో రాసి రంగులద్దిన కాగితాలకు కూడా తరవాతి పండితులు అదే పేరు స్థిరపరచారు.

*

ఇక్కడ ఒక చిన్న తేడా ఉంది. ఆ తేడాలోనే మొత్తం కథ ఉందని నా అభిప్రాయం.

పెన్సిల్వేనియా జర్మన్లు వదిలిపోయిన ఫ్రాక్టూర్ కాగితాలలో అత్యధికభాగం జనన బాప్తిస్మ పత్రాలు. ఫలానావారికి ఫలానా తేదీన శిశువు పుట్టింది, ఫలానా గురువు బాప్తిస్మమిచ్చాడు అని మధ్యలో రాసి, చుట్టూ దేవదూతలను, చిలుకలను, పూలతీగలను చిత్రించేవారు. ఇవి లూథరన్, రిఫార్మ్డ్ కుటుంబాలవి. మెన్నోనైట్లకు ఆ పత్రం అవసరమే లేదు, ఎందుకంటే వారిలో శిశువులకు బాప్తిస్మం లేదు. ఏ నమ్మకం కోసం వారి పూర్వులు నదుల్లో మునిగారో, ఆ నమ్మకమే వారి కళనుంచి ఆ పత్రాన్ని తొలగించివేసింది. మరి వారి పిల్లల పేర్లు ఏ కాగితం మీద పూలనడుమ చోటు చేసుకోవాలి?

బడి కాగితం మీద. మన వీధిబడులలో పంతులుగారు పలక మీద గుండ్రంగా అక్షరం రాసి దిద్దమని ఇచ్చేవారు. దానిని ఒరవడి అనేవాళ్ళం. సరిగ్గా అదే అర్థంగల మాట జర్మన్‌లోనూ ఉంది: ఫోర్‌ష్రిఫ్ట్, అంటే ముందు రాసి చూపినది. మెన్నోనైట్ బడిపంతులు ఒక మంచి కాగితం తీసుకొని, ఈకకలంతో మొదటి పంక్తిని పెద్ద పెద్ద ఫ్రాక్టూర్ అక్షరాలతో తీర్చేవాడు. మొదటి అక్షరం ఒక్కటే అరచేయంత ఉండి, దాని పొట్టనిండా లతలూ చుక్కలూ ఉండేవి. దాని కింద ఒక కీర్తనలోనిదో బైబిలులోనిదో నీతివాక్యం, చిన్న అక్షరాలలో. అడుగున వర్ణమాల, అంకెలు. మిగిలిన ఖాళీలో ఒక పిట్ట, ఒక పువ్వు. అంచున ఆ విద్యార్థి పేరు, సంవత్సరం. పంతులు పేరు మాత్రం సాధారణంగా ఉండదు.

ఆ బడిపంతుళ్ళలో అందరికంటే పేరు నిలిచినవాడు క్రిస్టఫర్ డాక్. 1738 తరవాత ఆయన వారానికి మూడురోజులు స్కిప్పాక్‌లో, మూడురోజులు సాల్‌ఫర్డ్‌లో పాఠం చెప్పేవాడు. ఒక బడి పిల్లలచేత మరొక బడి పిల్లలకు ఉత్తరాలు రాయించి తానే మోసుకొనిపోయేవాడు. జర్మన్‌టౌన్ ముద్రాపకుడు క్రిస్టఫర్ సౌర్ కోరికపై 1750లో తన బోధనపద్ధతిని రాసిపెట్టాడు. అది అచ్చయింది మాత్రం 1770లో, సౌర్ కుమారుని చేతిమీదుగా. తన పేరు పైకి రావడం ఆయనకు ఇష్టం లేకపోవడమే ఆ ఇరవయ్యేళ్ళ జాప్యానికి కారణం. అమెరికాలో బోధనాశాస్త్రం మీద వచ్చిన తొలి పుస్తకంగా దానిని లెక్కిస్తారు.

ఆ పుస్తకంలో ఒక ముచ్చటైన సంగతి ఉంది. పిల్లవాడు అక్షరమాల నేర్చి గుణింతంలోకి వచ్చిననాడు తండ్రి వాడికి ఒక పెన్నీ బాకీపడతాడట, తల్లి రెండు గుడ్లు వేయించి పెట్టాలట. బాగా చదివినవారికి పంతులు తన వంతుగా కాగితం మీద ఒక పువ్వో పిట్టో గీసి ఇచ్చేవాడు. బెత్తం ఆడే కాలంలో ఇది మామూలు సంగతి కాదు. 1771 శరత్కాలంలో ఒక సాయంత్రం బడి వదిలాక డాక్ ఇంటికి రాలేదు. వెతకబోయినవారికి ఆయన బడిలోనే మోకాళ్ళమీద, ప్రార్థన చేస్తున్న భంగిమలోనే, ప్రాణం విడిచి కనిపించాడు. రోజూ బడి ముగిశాక పిల్లల పేర్ల పట్టిక ముందుపెట్టుకొని ఒక్కొక్కరికోసం ప్రార్థించడం ఆయన అలవాటని చెప్పుకుంటారు.

పేర్ల పట్టిక అన్నమాట దగ్గర కొంచెం ఆగాలి. పిల్లవాడికి పిట్ట బొమ్మ ఇవ్వడం గర్వాన్ని పెంచదా అని ఆ సమాజంలో ఎవరైనా అడగవచ్చు. దానికి సమాధానం ఆ కాగితం ఉండే చోటులో ఉంది. అది గోడకెక్కదు. బైబిలు పుటల మధ్యనో, కీర్తనల పుస్తకం అట్ట లోపలివైపునో, భోషాణం మూత వెనుకనో ఉంటుంది. తెరిచినప్పుడు కనిపిస్తుంది, మూసినప్పుడు మాయమవుతుంది. అతిథికి చూపించుకొనేందుకు కాదు, చదువుకొన్న పిల్లవాడు తాను చదువుకొన్నానని గుర్తుంచుకొనేందుకు. బొమ్మ కూడదన్న నియమానికీ, బొమ్మ కావాలన్న మనిషి ఆశకూ మధ్య ఆ జనం చేసుకున్న ఒడంబడిక ఇది.

*

ఈ పద్ధతి బక్స్, మాంట్‌గామరీ మండలాలలో మరొక మెట్టు ఎక్కింది. అక్కడి బడులలో పాటలు నేర్పేటప్పుడు ప్రతి విద్యార్థికీ స్వరాల పుస్తకం ఒకటి తయారుచేసి ఇచ్చేవారు. అరచేతిలో ఇమిడే పొడవాటి చిన్న పుస్తకం. లోపల కీర్తనల వరుసలు స్వరలిపిలో ఉంటాయి. మొదటి పుటలో పూలద్వారం వంటి చిత్రం నడుమ ‘ఈ పుస్తకం ఫలానా బడిలో శ్రద్ధగా పాట నేర్చుకొనే ఫలానావారిది’ అన్న భావంతో రెండు మూడు పంక్తులు. ఆడపిల్లల పేర్లూ మగపిల్లల పేర్లూ రెండూ కనిపిస్తాయి.

వీటిని అందంగా తీర్చినవారిలో అగ్రగణ్యుడు యోహాన్ ఆడమ్ ఐయర్. 1755లో పుట్టి 1837లో మరణించిన ఈయన డీప్ రన్ మొదలైన మెన్నోనైట్ బడులలో పంతులుగా ఉన్నాడు. మెన్నోనైట్ అక్షరచిత్రం అంటే ఇదీ అని చెప్పదగిన రూపాన్ని తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యుడు. విశేషమేమంటే ఆయన మెన్నోనైట్ కాదు, లూథరన్. బాప్తిస్మం విషయంలో తన పొరుగువారితో ఏకీభవించని మనిషి వారి పిల్లల పేర్లను పూలనడుమ కూర్చోబెట్టాడు. ఒక జాతి తన ముద్ర అనుకొనే రూపం అనేకసార్లు పక్కింటివాడి చేతిమీదుగా వస్తుందన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఐయర్ తరవాత అదే డీప్ రన్ బడిలో మరొక చేయి కనిపిస్తుంది. ఆ చిత్రాలలోని గోధుమరంగు ఆకులను బట్టి పండితులు ఆ అజ్ఞాతుణ్ణి ‘గోధుమాకుల చిత్రకారుడు’ అని పిలుచుకున్నారు. ఇరవయ్యవ శతాబ్దం చివరికి గాని ఆయన డేవిడ్ కల్ప్ (1777–1834) అనే బడిపంతులని తేలలేదు. వందలాది పిల్లల పేర్లను పదిలపరచినవాడి పేరు నూటయాభై ఏళ్ళకు పైగా మరుగున పడిపోయింది. వినయమే వ్రతంగా పెట్టుకున్న సమాజంలో ఆయనకది లోపంగా తోచి ఉండదు.

1834లో పెన్సిల్వేనియా ప్రభుత్వం ఉచిత పాఠశాలల చట్టం చేసింది. మంచి చట్టమే. కాని దానితో ఊరుమ్మడి జర్మన్ బడులు క్రమంగా మూతపడి, ఆంగ్లం చెప్పే ప్రభుత్వ బడులు వచ్చాయి. కొత్త బడిలో ఒరవడి అచ్చుపుస్తకంగా వచ్చింది. అచ్చుపుస్తకం మీద పిల్లవాడి పేరు ఉండదు. పందొమ్మిదవ శతాబ్దం మధ్యకల్లా ఆ కళ తాను పుట్టిన చోట దాదాపు అంతరించింది. రాజు తరిమినప్పుడు చెక్కుచెదరని జనం అలవాటు, రాజ్యం ఆదరించినప్పుడు కరిగిపోవడం చరిత్రలో తరచు జరిగే వింత.

*

పుట్టినచోట అంతరించింది గాని, ఆ తీగ మరొకచోట మళ్ళీ చిగిర్చింది. పందొమ్మిదవ శతాబ్దారంభంలో కొన్ని మెన్నోనైట్ కుటుంబాలు పెద్ద బళ్ళు కట్టుకొని ఉత్తరానికి, ఇప్పటి కెనడాలోని వాటర్లూ ప్రాంతానికి, వలసపోయాయి. 1805లో వారి కంపెనీ అక్కడ 60,000 ఎకరాలు కొన్నది. 1825లో అలా వచ్చిన ఒక కుటుంబంలో పదకొండేళ్ళ పిల్ల ఆనా వెబర్. లాంకస్టర్‌లో 1814లో పుట్టింది. పెళ్ళి చేసుకోలేదు. తల్లిదండ్రులు పోయాక ఆమెకు సొంత గూడంటూ లేకపోయింది. తోటి మెన్నోనైట్ల ఇళ్ళలో, ఒకచోట కొన్నాళ్ళు, మరొకచోట కొన్నాళ్ళు గడుపుతూ 1888లో కన్నుమూసింది.

ఆమె బొమ్మలు గీసింది. ఎక్కువభాగం నలభైయేళ్ళు దాటిన తరవాత గీసినవే. ఒక చెట్టు, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా పిట్టలు, కింద గుర్రాలో మరో జంతువులో, పక్కన తన పేరు, సంవత్సరం. ఆమె బడిపంతులు కాదు, అక్షరదోషాలు కూడా దొర్లుతాయి. గీతలో డీప్ రన్ పంతుళ్ళ నేర్పు లేదు. కాని చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేము. ఏ ఇంట్లో తలదాచుకుంటే ఆ ఇంటి పిల్లలకూ పెద్దలకూ వారి పేర్లు వేసి ఆ బొమ్మలు ఇచ్చేది. పంతులుగారి చేతిలో బహుమానమైన పిట్ట, ఈ ఒంటరి స్త్రీ చేతిలో అన్నం పెట్టినవారికి చెప్పుకొనే కృతజ్ఞతగా మారింది. ఇతరులు తమ పేరు దాచుకున్న కళలో ఆమె తన పేరు వేసుకున్నది. ఇల్లూ పొలమూ లేని మనిషికి తాను ఉన్నానని చెప్పుకొనేందుకు ఆ కాగితం మూల తప్ప వేరే చోటు లేదనిపిస్తుంది. దానిని గర్వమని ఎవరనగలరు?

*

తరవాతి కథ మనకు తెలిసిన కథలాంటిదే. 1897లో బక్స్ మండలవాసి హెన్రీ మెర్సర్ అనే పురావస్తు పరిశోధకుడు ఈ కాగితాలను గురించి ఒక వ్యాసం చదివాడు. మధ్యయుగపు ఐరోపా మఠాలలోని లిపిచిత్రకళకు ఇది చివరి కొమ్మ అని ఆయన ప్రతిపాదన. ఇరవయ్యవ శతాబ్దంలో ధనికులు సేకరణ మొదలుపెట్టారు. ధర పలికింది. ధర పలికినకొద్దీ పాత కీర్తనల పుస్తకాలనుంచి మొదటి పుటలను కత్తితో కోసి, చట్రాలు కట్టి అమ్మారు. పుస్తకం ఒకచోట, దాని ముఖపత్రం మరొకచోట. ఏ పిల్ల ఏ పాటలు నేర్చుకున్నదో తెలిపే సంబంధం తెగిపోయింది. తెరిస్తే కనిపించేది ఇప్పుడు గోడమీద ఎప్పుడూ కనిపిస్తుంది. అది కళగా గెలిచిన క్షణంలోనే దానికి పుట్టుక ఇచ్చిన నియమం ఓడిపోయింది.

పూర్తిగా ఓడిపోలేదు కూడా. పెన్సిల్వేనియాలో హార్లీస్‌విల్‌లోని మెన్నోనైట్ వారసత్వ కేంద్రం, కెనడాలో కిచెనర్ నగరంలోని ష్నైడర్ హౌస్ వంటి సంస్థలు ఈ కాగితాలను వాటి ఊళ్ళతో, కుటుంబాలతో కలిపి భద్రపరుస్తున్నాయి. తుమ్మసిరా వంటి ఆనాటి ఇనుపసిరాకు కాగితాన్ని మెల్లగా తినివేసే గుణం ఉంది. కొన్ని ఒరవడులలో అక్షరం ఉండవలసినచోట ఇప్పుడు అక్షరం ఆకారంలో రంధ్రం ఉంది.

*

చివరగా మనవైపు. మెన్నోనైట్లలో మరొక శాఖ హాలండునుంచి విస్తులా నదీముఖానికీ, అక్కడినుంచి 1789లో ఖోర్తిత్సాకు, 1804లో మొలోచ్నాకు, అంటే నేటి ఉక్రెయిన్ భూములకు, చేరింది. ఆ బడులలోనూ అందమైన దస్తూరి ఒక వ్రతం. క్రిస్మసుకూ కొత్త సంవత్సరానికీ పిల్లలు తల్లిదండ్రులకు శుభాకాంక్షలను రంగుల అంచుల నడుమ పొందికగా రాసి చదివి వినిపించేవారు. ఆ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో మన దేశానికి వచ్చి, మరుసటి ఏడు నల్లగొండలో దిగారు. 1899లో అమెరికానుంచి అదే శాఖవారు మరికొందరు వచ్చారు. పాలమూరులోని ఎం.బి. చర్చిలకు అదీ మూలం. శంషాబాదులో 1932లో పుట్టిన ఒక మిషనరీ బిడ్డ, పాల్ హీబర్ట్, పెద్దయ్యాక మానవశాస్త్రజ్ఞుడై పాలమూరు ప్రాంతపు పల్లె ఒకదానిని ‘కొండూరు’ అన్న పేరుతో 1971లో పుస్తకానికెక్కించాడు. ఇవాళ ప్రపంచంలోని మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలలో సభ్యుల సంఖ్యనుబట్టి పెద్దవాటిలో మన తెలుగువారి సంఘం ఒకటి. గుర్రపుబండినీ తెల్లటోపీనీ మెన్నోనైట్ గుర్తులుగా అమ్మే దుకాణంలో వీరి ముఖం కనిపించదు.

ఐరోపా బడిలోని పిట్ట ఇక్కడికి ఎగిరివచ్చిందని నేననను. కాని మన పల్లెలలోని పాత క్రైస్తవ కుటుంబాల బైబిళ్ళ మొదటి పుటలలో పుట్టినవారి పేర్లు, పెళ్ళిళ్ళ తేదీలు, పోయినవారి పేర్లు వంకర టింకర అక్షరాలతో రాసి ఉండడం చూసేవుంటారు. తరతరాలుగా చదువు నిరాకరించబడిన ఇళ్ళలో మొదట అక్షరం నేర్చిన తాత చేతిరాత అది. పూలు లేకపోవచ్చు, రంగులు లేకపోవచ్చు. పుస్తకం లోపల ఒక మనిషి పేరు, తెరిస్తే కనిపించేలా. కొత్త ప్రతి కొన్నాక పాతదానిని చెదలకు వదిలివేయడం మామూలే. వదిలివేయకముందు ఒకసారి ఆ అట్ట తెరిచి చూడమని మాత్రం నా మనవి.